ఇనుము కనబడే దాకా

శుక్రవారం పొద్దున అశ్వత్థప్ప వేసుకున్న పథకం చిన్నదే. టిఫిన్ వేళకల్లా బోటుకున్న పాత రంగు గీకేయాలి, ఎండ తగ్గాక కొత్త నీలం కొట్టాలి. ఆదివారం ఆ ఫైబర్ బోటు కృష్ణగిరి దగ్గరి చెరువులో తేలితే, అక్కడ బోటింగ్ కాంట్రాక్టు పట్టిన లోకనాథ్ మిగతా బోట్లు కూడా అతనికే ఇస్తానన్నాడు. హోసూరులో అతను లారీలకు రంగు వేసిన షెడ్డు మూతపడ్డాక దొరికిన మొదటి పని ఇది. షెడ్డు ఓనరు ఆ స్థలంలో కల్యాణ మండపం కట్టాడు. పెళ్ళిళ్ళలో పాత రంగు గీకనివ్వరు.

లారీ పనిలో వేదం ఒకటే: ఇనుము మెరిసే దాకా గీకాలి. ఇంటి ముందు బోటు బోర్లించి గీకే మిషను పెట్టాడు. నీలం పోయి చిలకపచ్చ వచ్చింది. పచ్చ కింద కుంకుమ. కుంకుమ కింద నెమలి మెడ రంగు. కాఫీ తెచ్చిన అతని పెళ్ళాం నాగక్క గ్లాసు ఇవ్వడం మరిచి నిలబడిపోయింది.

"ఏమయ్యా, ఇది బోటా, పట్టుచీరల అంగడా?"

చివరికి గట్టి తెల్లని పొర తేలింది. రంగులు అయిపోయాయి, అక్కడ ఆగాల్సింది.

"ఇనుము యాడ?" అన్నాడు అశ్వత్థప్ప.

ఎదురింటి ఓబయ్య బస్సు మెకానిక్కుగా రిటైరైనవాడు. ఆయనకు తెలియనిది లేదు. వేలితో తట్టి చూశాడు. "ఫైబరనేది పైన కోటింగప్పా. లోపల రేకు లేకుండా నీళ్ళు ఆగుతాయా? ముందు రంగు కొట్టినోడు పుట్టీ మందంగా మెత్తి మోసం చేసినాడు. ఇంకా గట్టిగా గీకల్ల."

గట్టిగా గీకాడు. సూదుల్లాంటి ఫైబర్ దుమ్ము లేచి వీధిలో ఆరేసిన బట్టల మీదంతా వాలింది. కాసేపటికి నాగక్క మెడ గోక్కుంది. ఓబయ్య గోడకు వీపు రుద్దాడు. పక్కింటి చెన్నమ్మ రెండు చేతులా గోక్కుంటూ బయటికి వచ్చి, "అమ్మోరు వచ్చేసినాదే వీధిలోకి! వేపాకు కట్టండమ్మా!" అని కేకేసింది. ప్రతి గుమ్మానికీ వేపాకు వేలాడింది. దేవత ఉండగా మిషనును అనుమానించే అలవాటు మనకు లేదు.

ఇనుము మాత్రం రాలేదు. అవతలి వైపు చూద్దామని అందరూ కలిసి బోటును ఎత్తి నిలబెట్టారు. సూర్యుడు దాని వెనక్కి వచ్చాడు.

వీధి గోక్కోవడం ఆపేసింది.

గీకి గీకి పలచబడిన బోటు, లోపల దీపం పెట్టినట్టు తేనె రంగులో వెలిగింది. నేసిన పోగులు ఒక్కొక్కటీ కనబడ్డాయి. కెలమంగలంలో పట్టుపురుగులు పెంచిన చెన్నమ్మ చేతులు జోడించింది. "ఇంత పెద్ద గూడు ఏ పురుగు కట్టిందప్పా!" ఓబయ్య చెప్పులు విడిచాడు.

"ఇంత వెలుగు మీదనా నేను రంగు కొట్టల్ల?" అన్నాడు అశ్వత్థప్ప.

అప్పుడే లోకనాథ్ వచ్చాడు. వేలితో నొక్కితే బోటు అప్పడంలా వంగింది.

"నీళ్ళలో దించితే మునుగుతుంది కదప్పా! ఏం చేసినావు?"

"తప్పయిపోయినాది సామీ. ఎంత గీకినా ఇనుము కనపడలే."

"ఫైబర్ బోటులో ఇనుము యాడిదయ్యా!"

మిగతా బోట్లు పోయినట్టేనని అశ్వత్థప్ప తల వంచుకున్నాడు. ఇంకా తిట్టబోయిన లోకనాథ్ వెనక్కి తిరిగాడు. షేర్ ఆటోలు ఆగిపోయాయి. జనం ఫోన్లు ఎత్తి, ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఆయన కూడా చూశాడు. చాలాసేపు చూశాడు.

"గమ్మునుండు. మిగతావి కూడా పంపిస్తాను. ఇట్లే గీకు" అన్నాడు.

ఆదివారం టికెట్టు కొన్న జనమంతా గట్టున, కర్రల మీద బోర్లించిన ఆ బోటు కింద మెడలెత్తి నిలబడ్డారు. చెరువులోకి బాతులు మాత్రమే దిగాయి.