లేబులు లేని సీసా

ఆ సోమవారం ఉదయం బీరువాలో స్వెటర్ల వెనక దాచిన చిన్న సీసా పోయింది. పోయిందని చెబితే ఏం పోయిందని అడుగుతారు. అందుకని ఆ ఇంటి యజమాని చడీచప్పుడు లేకుండా వెతుకుతున్నాడు. ఏం కావాలని భార్య అడిగితే మేజోళ్ళు అన్నాడు. ఆమె అతని కాళ్ళవైపు చూసింది. మేజోళ్ళు అక్కడే ఉన్నాయి.

అతను బస్టాండులో అనౌన్సరు. ఎంత పొడుగాటి ఊరిపేరైనా తడబడకుండా చెప్పగలడు. కానీ వారం కిందట డాక్టరు ముందు కూర్చున్నప్పుడు తన బాధ నోటితో చెప్పలేక కాగితం మీద రాసి ఇచ్చాడు. శీఘ్రస్ఖలనం చాలామంది మగవాళ్ళకు ఉండేదేననీ, తల దించుకోవలసిన పని లేదనీ డాక్టరు ధైర్యం చెప్పాడు. చర్మాన్ని కాస్త మొద్దుబార్చే స్ప్రే రాశాడు. పది నిమిషాల ముందు కొట్టుకుని, తుడిచేసి, కండోమ్ వేసుకోవాలి. లేకపోతే ఆ మొద్దు భార్యకూ అంటుకుంటుంది. ఈసారి ఆవిడను కూడా తీసుకురమ్మని డాక్టరు అంటే, అలాగేనని తల ఊపి వచ్చేశాడు.

ఆవిడకు అసలు సంగతే తెలియదు. పెళ్ళయిన ఈ రెండేళ్ళలో అతను అడిగి మరీ సాయంత్రం షిఫ్టులు వేయించుకోవడం, ఇంటికి వచ్చాక తలనొప్పి అనడం మాత్రమే ఆమెకు తెలుసు.

మందులషాపు నుంచి వచ్చే దారిలోనే అతను సీసా మీది లేబులును గోటితో గీకి పారేశాడు. వాడే విధానం అచ్చు వేసిన కాగితాన్ని మాత్రం మడిచి, కండోమ్ పాకెట్‌తో పాటు డ్యూటీ బ్యాగు లోపలి అరలో పెట్టుకున్నాడు. తను ఎవరి మొగుడో ఆ క్షణాన మరచిపోయాడు.

భార్య కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో సహాయకురాలు. పేరు లేని సీసా కంటబడితే ఆమెకు స్థిమితం ఉండదు. వాళ్ళింట్లో ఉప్పు డబ్బా మీద ఉప్పు అనీ, నీళ్ళ సీసా మీద నీళ్ళు అనీ రాసి ఉంటుంది. ఆదివారం బీరువా సర్దుతుంటే ఈ సీసా దొరికింది. మూత తీసి గాలిలోకి ఒకసారి కొట్టి చూసింది. గొంతు మీద బతికే మనిషి ఇలాంటివి వాడుతూనే ఉంటాడని తనలో తనే తేల్చుకుని, గుండ్రని అక్షరాలతో 'గొంతు మందు' అని రాసి, తేదీ వేసి, అంటించింది.

ఆ సాయంత్రమే ఆమె తల్లిదండ్రులు దిగారు. తండ్రి రిటైరైన హెడ్మాస్టరు. పాత మిత్రుడైన లెక్కల మాస్టారు ఉద్యోగ విరమణ సభలో మాట్లాడడానికి వచ్చాడు. గంటకు తక్కువ మాట్లాడిన సభ ఆయన చరిత్రలో లేదు. సోమవారం పొద్దున లేచేసరికి గొంతు బొంగురుపోయింది. కూతురు ఆ సీసా తెచ్చి చేతిలో పెట్టింది.

"ఇది కొట్టుకోండి నాన్నా. మీ అల్లుడుగారు వాడేదే."

ఆయన నాలుగుసార్లు కొట్టుకున్నాడు. గొంతు హాయిగా ఉందని, సభ మొదలవడానికి పది నిమిషాల ముందు మరో నాలుగుసార్లు కొట్టుకున్నాడు.

మూడో వాక్యం దగ్గర నాలుక మడత పడింది. నాలుగో వాక్యంలో లెక్కల మాస్టారు పేరు జారిపోయింది. పెదవి పక్కనుంచి లాలాజలం కారుతుంటే రెండు నిమిషాల్లో కూర్చున్నాడు. ఆయన్ని ఎరిగున్న వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. అత్తగారు మాత్రం లేచి నిలబడి, పక్కనున్న అల్లుడితో, "మీ మామయ్యకి నోరు పడిపోయింది బాబూ" అంది.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు చేతులెత్తమన్నాడు, నవ్వమన్నాడు. చేతులు లేచాయి. నవ్వు రాలేదు. పక్షవాతమే అయితే ఇంజెక్షను వెంటనే ఇవ్వాలనీ, దానివల్ల ఒక్కోసారి మెదడులో రక్తస్రావం కావచ్చుననీ చెప్పి, స్కానింగుకు కాగితాలు రాయమని నర్సుకు చెప్పాడు. పొద్దుటినుంచి ఏమేం మందులు వేసుకున్నారని అడిగాడు. కూతురు బీపీ మాత్ర, గొంతు మందు అని, హ్యాండుబ్యాగులోంచి సీసా తీసి చూపించింది.

అనౌన్సరు తన సీసాను గుర్తుపట్టాడు. నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది. మొద్దు కాసేపటికి దానంతటదే పోతుంది. కానీ ఈలోగా నర్సు మామగారి చెయ్యి పట్టుకుని నరం వెతుకుతోంది.

డాక్టరు చెవిలో చెబుదామనే అతను దగ్గరికి వెళ్ళాడు. అయితే పదేళ్ళ అలవాటు. నోరు తెరిస్తే నాలుగు ప్లాట్‌ఫారాలకూ వినపడుతుంది.

"అది గొంతు మందు కాదండీ. నాది. శీఘ్రస్ఖలనానికి రాసిచ్చింది."

వార్డు చివరి మంచం మీద పడుకున్న ముసలాయన ఇటు ఒత్తిగిలాడు.

మందు పేరేమిటని డాక్టరు అడిగాడు. అతను బ్యాగులోంచి కాగితం లాగితే దాంతోపాటు పాకెట్ కూడా వచ్చి అత్తగారి చెప్పుల దగ్గర పడింది. నర్సు కాగితం అందుకుని పైకి చదివింది. మందు పేరు మొదటి వరుసలోనే ఉన్నా, 'అనంతరం కండోమ్ ధరించవలెను' దాకా ఆపలేదు. వెంట వచ్చిన లెక్కల మాస్టారు సీలింగు పలకలు లెక్కపెడుతూ నిలబడ్డాడు. మొద్దు పూర్తిగా వదిలేదాకా పేషెంటుకు మంచినీళ్ళు కూడా పట్టవద్దని చెప్పి డాక్టరు ఇంజెక్షను మాట మానేశాడు.

భార్య అతన్ని వరండాలోకి రమ్మంది.

"రెండేళ్ళుగా నేను మీకు నచ్చలేదనుకున్నాను" అంది.

"నచ్చకపోతే నాకీ తొందర ఎందుకుంటుంది?" అన్నాడతను. జీవితంలో మొదటిసారి అతని గొంతు ఎదుటి మనిషికి తప్ప ఇంకెవరికీ వినపడలేదు.

ఆమె చేత్తో నోరు మూసుకుంది. అది నవ్వో ఏడుపో అతను అడగలేదు. గురువారం ఇద్దరం కలిసి ఆ డాక్టరు దగ్గరికి వెళదామని ఆమే అంది.

గంట తర్వాత మామగారికి నాలుక వచ్చింది. అల్లుడి మొహం చూడకుండా గోడతో మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు.

"ఇలాంటి మందులు రాసే డాక్టరు పేరూ, అడ్రసూ రాసివ్వండి అల్లుడుగారూ. వాడిమీద ఫిర్యాదు పెట్టాలి."

అల్లుడు తల వంచుకుని రాసిచ్చాడు.

గురువారం భార్యాభర్తలు మెట్లెక్కి వెళ్ళేసరికి, డాక్టరు గది బయట మొదటి కుర్చీలో మామగారు కూర్చుని ఉన్నాడు. చేతిలో ఒకటో నెంబరు చీటీ. పక్క కుర్చీలో అత్తగారు, తలుపు మీది డాక్టరు పేరును అక్షరం అక్షరం కూడబలుక్కుంటోంది.

మామగారు చీటీని గుప్పిట్లో మూశాడు.

"ఫిర్యాదుకి వచ్చాం" అన్నాడు మామగారు.

"మేం కంటి డాక్టరు కోసం వచ్చాం నాన్నా" అంది కూతురు.

"కంటి డాక్టరు కింది అంతస్తులో కదమ్మా."

ఇద్దరూ కిందికి దిగారు. దిగినందుకు అక్కడ చీటీ తీసుకుని, అక్షరాల పట్టీ పైనుంచి కిందిదాకా చదివారు. ఇద్దరికీ చూపు బాగానే ఉంది. పై అంతస్తుకు మాత్రం ఇంకా వెళ్ళలేదు.