వాసియు నేర్చుకున్న మర్యాద

ఇకమీదట ఫోనులో పాత సామాన్లు అమ్మేవాళ్ళెవరూ కొనేవాళ్ళను తిట్టరాదని గౌరవనీయ వాణిజ్య కమిషనర్ చీఫ్ డాక్టర్ ఇంజనీర్ తిమిలెహిన్ అజిబోలా గారు సోమవారం పొద్దున్నే రేడియోలో ప్రకటించారు. పథకం పేరు ‘సెకండ్ హ్యాండ్ సన్మర్యాద’. స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచీ రాష్ట్రం ఇంత ముఖ్యమైన ప్రకటన వినలేదని రేడియోవాళ్ళు కూడా చెప్పారు. అన్ని ప్రకటనలూ చదివేది వాళ్ళే గనక నమ్మవలసిందే.

పథకం ఊరికే పుట్టలేదు. కమిషనర్ గారు ఒక పాత సోఫా మీద మనసు పడ్డారు. చేతులు పెట్టుకునే చోట సింహం తలలున్న సోఫా. “ఉందా?” అని స్వయంగా తన వేలితో టైపు చేశారు.

“లేనిదాని ఫోటో పెట్టడానికి నాదేమన్నా మ్యూజియమా?” అని జవాబు వచ్చింది.

“ఆఖరి ధర ఎంత?”

“మొదటి ధరకే కళ్ళు తిరిగినవాడివి, ఆఖరిది విని తట్టుకుంటావా?”

“నేనెవరో తెలుసా?”

“తెలుసు. బేరగాడివి. డబ్బున్నవాడు షోరూముకి పోతాడు.”

అది చదివి కమిషనర్ గారి కళ్ళు చెమర్చాయని ఆయన పి.ఏ. పత్రికలవాళ్ళకు చెప్పాడు. గొప్ప పథకాలన్నీ గొప్పవాళ్ళ కన్నీళ్ళలోంచే పుడతాయి.

ఓకే-ఇరె ఊళ్ళో అబొసేదె ఈ వార్త విన్నప్పుడు కొడుకును వీపుకు కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. పడుకోబెడితే వాడికి ఊపిరాడదు. వాడి పేరు దురోజాయె. ‘ఉండిపో, బతుకు చూసి పో’ అని అర్థం. ముందు పుట్టిన ఇద్దరూ ఉండలేదు గనక వీడికి ఆ పేరు పెట్టి బతిమాలుకున్నారు. వాడు పుట్టినప్పటి నుంచీ అబొసేదె చూపు వాడి డొక్కల మీదే. ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల కింద గుంట పడితే ఆమె గుండె పోయి ఆ గుంటలో పడుతుంది. పొగ వాడికి పడదని ఇంటి ముందు అకరా వడలు వేసి అమ్మడం కూడా మానేసింది. మొగుడు లారీ మీద ఉత్తరాదికి పోయాడు. ఎడారి దుమ్ము మొదలైంది. మందును ఆవిరి చేసి పీల్పించే నెబులైజర్ ఒకటి ఇంట్లో పెట్టుకోవలసిందే అని డాక్టరు చెప్పేశాడు. కొత్తదాని ధర విన్నాక ఆమె ఫోను పట్టుకుని పాతదాని కోసం వెతకడం మొదలుపెట్టింది. ఊళ్ళో ఎంతమంది ఎన్ని రకాలుగా తిట్టగలరో అప్పుడే తెలిసింది.

చివరికి వాసియు అనేవాడి దగ్గర ఒకటి ఉందంటే ఫోను చేసింది.

“అన్నా, ఆ నెబులైజర్ ఉందా?”

“ఉంది.”

“మా బాబుకి ఉబ్బసం అన్నా. వాడికి ముందు ఇద్దరు పోయి…”

“అమ్మా, నేను నిన్ను కథ అడిగానా? మోటారు బాగుంది. మాస్కు దరిద్రంగా ఉంది, పారేసి కొత్తది కొనుక్కో. పాతదే పిల్లాడి మూతికి పెట్టావంటే నీ అంత మొద్దు ఇంకోటి ఉండదు. వేడెక్కితే కాసేపు ఆపు. ఆపకుండా కాల్చేసి నా గుమ్మంలో ఏడవకు.”

“కొంచెం తగ్గించి ఇస్తావా అన్నా?”

“తగ్గించడానికి నేను నీ మేనమామనా? రేపు వస్తే రా, రాకపోతే పో!”

ఫోను పెట్టేశాడు. అబొసేదెకు ఏడుపొచ్చింది. పక్కవాటాలో జడలు అల్లే రిసికత్ అక్క ఒకమ్మాయి తల ఒళ్ళో పెట్టుకునే ఇదంతా విన్నది.

“దురో వాళ్ళమ్మా, ఏడుస్తావేం? పొద్దున రేడియో వినలేదూ? ఫిర్యాదుకు నంబరిచ్చారు, దానికి కొట్టు.”

“ఎందుకక్కా గొడవ, రేపెళ్ళి కొనేసుకుంటాను.”

“కొనుక్కో, వద్దన్నానా? ముందు వాడికి కాస్త చురక తగలనీ. ఆ భయానికి నీకు నాలుగు రాళ్ళు తగ్గిస్తాడు కూడా.”

ఆ తగ్గింపు మాట దగ్గర అబొసేదె లొంగిపోయింది. ఫోను కొట్టింది.

మన ప్రభుత్వం నెమ్మది అని ఆడిపోసుకునేవాళ్ళు మర్నాడు ఓకే-ఇరె బజారుకు వచ్చి చూడవలసింది. అబొసేదె వెళ్ళేసరికి వాసియు దుకాణం ముందు జీపు ఆగి ఉంది. జీపులో వాసియు ఉన్నాడు. వాడి ఒళ్ళో నెబులైజర్ ఉంది.

“సార్, ఆ మెషిన్ నేను కొనుక్కోవాలి,” అంది అబొసేదె.

“అది అవమానం జరిగిన వస్తువమ్మా,” అన్నాడు అధికారి గౌరవంగా. “దానికి భద్రత కల్పిస్తున్నాం. మనిషికి శిక్షణ ఇస్తాం. మీరు నిశ్చింతగా ఉండండి.”

వాసియు ఆమెను చూసి ఏదో అనబోయాడు. ఇద్దరు అధికారులు చెరొక పక్కనుంచీ మర్యాదగా వాడి నోరు మూశారు.

శిక్షణలో ఏం నేర్పేవారంటే, పలకరింపులు. మనవాళ్ళలో నిలబడితే ఒక పలకరింపు, కూర్చుంటే ఒకటి, ఎండకు ఒకటి, వానకు ఒకటి, చంటిబిడ్డను మోస్తే ఇంకొకటి. పెద్దలు పెట్టి పోయిన ఈ ఆస్తిని అమ్మకందారులు పాడుచేస్తున్నారనీ, అందువల్ల పలకరింపులన్నీ పూర్తయ్యాకే ధర చెప్పాలనీ, కొనేవాళ్ళ మనసు నొప్పించే మాట ఏదీ వస్తువు గురించి కూడా అనరాదనీ రూలు పెట్టారు.

ఫలితం వెంటనే కనిపించింది. అబొసేదె ఇంకొకడికి ఫోను చేస్తే వాడు తేనె పోశాడు.

“ఎండలో నడిచినందుకు శుభం తల్లీ. ఫోను పట్టుకున్నందుకు శుభం. బిడ్డను మోసినందుకు శుభం.”

“మెషిన్ పని చేస్తుందా బాబూ?”

“మీ నోట ఆ ప్రశ్న రావడమే మా అదృష్టం.”

“చేస్తుందా, చెయ్యదా?”

“మీరు ఎలా అంటే అలా, మహారాణీ.”

అక్కడికి ఫోనులో డబ్బులైపోయాయి.

ఆమె మర్యాద కార్యాలయానికి వెళ్ళింది. డైరెక్టర్ మేడమ్ ఒమొలారా ఎంత పెద్ద ఉద్యోగంలో ఉన్నారో అంత తీయగా మాట్లాడతారు.

“నిలబడ్డందుకు శుభమమ్మా.”

“మెషిన్ ఎప్పుడిస్తారు మేడమ్? నిన్న పిల్లాణ్ణి మళ్ళీ ఆసుపత్రికి ఎత్తుకుపోయాను. అక్కడున్నది ఒకటే మెషిన్. దాని ముందు పదిమంది పిల్లలు.”

“అడిగినందుకు శుభం.”

“ఎప్పుడిస్తారు?”

“మళ్ళీ అడిగినందుకు ఇంకా శుభం.” మేడమ్ లేచి వచ్చి ఆమె భుజం తట్టారు. “చిన్న విషయం అనుకుంటున్నావు నువ్వు. రాష్ట్రంలో మొదటి ఫిర్యాదు నీది. కమిషనర్ గారు స్వయంగా సభ పెట్టి, నీకూ వాసియుకూ చేతులు కలిపి, మెషిన్ ఇప్పిస్తారు. టీవీవాళ్ళు, రేడియోవాళ్ళు వస్తారు. మంచి బట్టలు కట్టుకురా.”

సభ రోజు ఓకే-ఇరె స్కూలు మైదానంలో షామియానాలు వేశారు. వేదిక మధ్యలో సింహం తలల సోఫా ఉంది. దాన్ని అమ్మకానికి పెట్టిన మనిషి శిక్షణ పూర్తయ్యాక ఊరికే ఇచ్చేశాడట. కమిషనర్ గారి కార్లు ఒకటి వెనక ఒకటి వచ్చి ఆగాయి. వాటి వెనకాల వాటి దుమ్ము వచ్చింది. అబొసేదె పమిట కొంగులాంటి తన పైగుడ్డతో పిల్లాడి మొహం కప్పింది గానీ లాభం లేకపోయింది. వీపు మీద సన్నగా ఈల మొదలైంది. ఆ ఈల ఆమెకు బాగా తెలుసు.

“మేడమ్, ముందు మెషిన్ ఇచ్చెయ్యండి, ఉపన్యాసాలు తర్వాత…”

“తొందరపడినందుకు శుభం,” అన్నారు డైరెక్టర్ మేడమ్.

మర్యాద మీద కమిషనర్ గారు చాలాసేపు మాట్లాడారు. ధర కంటే మాట గొప్పదన్నారు. మాట కంటే నవ్వు గొప్పదన్నారు. చప్పట్లు కొట్టని వాళ్ళను అధికారులు దగ్గరికెళ్ళి నవ్వుతూ చూశారు. ఆ తర్వాత అబొసేదెను, వాసియును వేదిక మీదికి పిలిచారు.

వాసియును ఆమె గుర్తుపట్టలేదు. పెద్దమనుషులు వేసుకునే తెల్లటి పొడవాటి అగ్బాదా అంగీ తొడిగారు. మొహాన నవ్వు అంటించారు. ఎర్ర గుడ్డ మీద, రిబ్బను కట్టి, నెబులైజర్ పెట్టి ఉంది. దాన్ని రెండు చేతులా ఎత్తి ఆమెకు అందించాలి. వాసియు ఎత్తాడు. ఎత్తగానే ఆ నవ్వు ఒక్క క్షణం ఊడింది. వెనకనుంచి మేడమ్ దగ్గారు. నవ్వు మళ్ళీ ఎక్కింది.

అబొసేదె అదంతా చూసింది.

“అన్నా, ఏమైంది? పని చేస్తుందా?”

“బిడ్డను వీపున మోసినందుకు శుభమమ్మా.”

“మోటారు బాగుందన్నావుగా? ఇప్పుడూ బాగుందా?”

“మెట్లెక్కి వచ్చినందుకు శుభం.”

“అన్నా, నీకు పుణ్యముంటుంది, ఆ రోజులాగే తిట్టి చెప్పన్నా!” ఆమె మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. మనవాళ్ళలో ఆడవాళ్ళు మోకరిల్లి గౌరవం చూపిస్తారు గనక సభంతా చప్పట్లు కొట్టింది. మోకాళ్ళు కాస్త ఎడమవైపు జరపమని ఫోటోగ్రాఫరు అడిగాడు. కమిషనర్ గారి కళ్ళు రెండోసారి చెమర్చాయి.

వీపు మీద ఈల ఆగిపోయింది. ఈల ఆగడం మంచిదని చాలామంది అనుకుంటారు. అబొసేదె అనుకోలేదు. లేచి నిలబడింది.

“ఒరేయ్ వాసియూ! నీకు ఇంట్లో పెంపకం లేదురా!” అంది. మనవాళ్ళలో ఇంతకు మించిన తిట్టు లేదు. వాసియు నవ్వాడు. “దొంగ వెధవా! నీ చేతులు పడిపోనూ!” వాసియు నవ్వాడు. “చచ్చు మెషిన్లు అమ్ముకునే చచ్చు వెధవా!”

అక్కడ నవ్వు పూర్తిగా ఊడి పడింది.

“ఒసేయ్ పిచ్చిదానా! నా మెషిన్ చచ్చుదా? నా కొట్లోంచి పోయినప్పుడు గుర్రంలా ఉరికింది! ఇప్పుడు పట్టుకుని చూడు, ఈక! ఖాళీ డబ్బా! లోపల మోటారేదీ? ఈ శుభంగాళ్ళ ఆఫీసులో ఎవడో పీక్కుపోయాడు! నువ్వేమో ఇక్కడ మోకాళ్ళేసుకుని నాకు దండాలు పెడుతున్నావా? బుద్ధుందా నీకు? పిల్లాడి పెదాలు చూశావా? నా కొట్లో మూల పడేసింది ఇంకోటుంది, కోతి మొహంలా ఉంటుంది గానీ పని చేస్తుంది! మా చెల్లెలుంటుంది, అడుగు! అమ్మడానికి నాకిప్పుడు పర్మిషన్ లేదు గనక ఊరికే తగలెట్టుకుపో! ఇంకా నిలబడ్డావేంటే? పో!”

మైకు ఆన్‌లోనే ఉంది.

అబొసేదె అప్పటికే మెట్లు దిగి మైదానం దాటుతోంది. మోటార్‌సైకిల్ టాక్సీవాడు ఎక్కడికని కూడా అడగలేదు. రేడియో పెట్టుకుని ఉన్నాడు, అంతా విన్నాడు. కొట్లో కరెంటు లేకపోతే వాసియు చెల్లెలు చిన్న జెనరేటర్ తాడు లాగింది. మూడుసార్లు దగ్గి అది అందుకుంది. కోతి మొహం మెషిన్ గుర్రుమంది. అబొసేదె వెంట తెచ్చుకున్న మందు పోసి, తాను కొన్న కొత్త మాస్కు తగిలిస్తే దానిలోంచి తెల్లటి ఆవిరి లేచింది. దురోజాయె డొక్కల కింద గుంట పడింది, మళ్ళీ పడింది, తర్వాత కాస్త తక్కువ లోతుగా పడింది. వాడు మాస్కు లాగేసి ఏడ్చేదాకా అబొసేదె కళ్ళు ఆర్పలేదు.

మైదానంలో కమిషనర్ గారు చెక్కు చెదరలేదని పత్రికలు మెచ్చుకున్నాయి. “తిట్లు విన్నందుకు సభకు శుభం,” అని మొదలుపెట్టి, మిగిలిన ఉపన్యాసం మొత్తం పూర్తిచేశారు.

శిక్షణలు మొదలయ్యాక రాష్ట్రమంతటా నమోదైన అమర్యాద కేసు అదొక్కటే. అది పథకం విజయానికి రుజువు గనక విచారణ ఘనంగా చేయాలని నిర్ణయించారు. కమిషనర్ గారే పీఠం మీద కూర్చున్నారు. వాసియు ఒక మూల నిలబడ్డాడు. కొట్టుకు తాళం వేయడమా, జైలా అన్నది సాక్షి మాట మీద తేలుతుంది. సాక్షి అబొసేదె. వీపు మీద దురోజాయె నోరు మూసుకుని, ముక్కుతో ఊపిరి తీస్తూ నిద్రపోతున్నాడు.

“ఇతను నిన్ను ‘ఒసేయ్ పిచ్చిదానా’ అన్నాడా?” అని మేడమ్ అడిగారు.

“లేదు మేడమ్.”

“మైకులో విన్నాం కదమ్మా! ఊరంతా విన్నది!”

“ఊరిని అన్నాడేమో మేడమ్. నన్ను మాత్రం, అమ్మా బిడ్డను చూసుకో అన్నాడు.”

“‘తగలెట్టుకుపో’ అన్నాడా?”

“తీసుకెళ్ళండి తల్లీ అన్నాడు.”

వాసియు ఆమెను గుడ్లురిమి చూశాడు. అబద్ధాలు వాడికి పడవు. ఏదో అనబోతుంటే అబొసేదె తొందరగా అందుకుంది. “చాలా మర్యాదస్తుడు సార్. మీ శిక్షణ.”

అవమానం పొందిన మనిషి దొరకలేదు గనక కేసు కొట్టేశారు. మోటారు సంగతి విచారణ పరిధిలోకి రాదన్నారు. శుభం చెప్పి అందరూ లేచారు. వాసియు వెనక్కి చూడకుండా బయటికి పోయాడు.

అబొసేదె కూడా గుమ్మం దాటుతుంటే కమిషనర్ గారు చేత్తో ఆగమన్నారు. మైకు తీసేయమన్నారు. మేడమ్‌ను కూడా బయటికి పంపించారు. గది ఖాళీ అయ్యాక ఆయన గొంతు తగ్గించారు.

“అమ్మా, మా ఇంట్లో ఒక ఫ్రిజ్ కొన్నారు,” అన్నారు. “మర్యాదకు బంగారు పతకం ఇచ్చామే, ఆయన దగ్గర.”

“అవునా సార్.”

“మా అమ్మ ఇన్సులిన్ అందులో పెట్టాం.”

“అది చల్లబడలేదా సార్?”

“ఈ వాసియు ఫ్రిజ్‌లు కూడా అమ్ముతాడా?”

“అమ్ముతాడు సార్. మసీదు వెనక సందులో, టైర్ల దుకాణం పక్కన.” అబొసేదె పిల్లాణ్ణి వీపు మీద ఎగదోసుకుని గుడ్డ బిగించింది. “మీరే వెళ్ళండి, మనుషుల్ని పంపకండి. పలకరింపులు పెట్టుకోకండి. పని చేస్తుందా అని మాత్రం అడగండి. నవ్వాడంటే వచ్చెయ్యండి సార్. తిడితే కొనెయ్యండి.”