పండుగ పూట ఇంట్లో కుక్క ఉండాలి

పండుగ ప్రశాంతంగా జరగాలంటే ఇంట్లో కచ్చితంగా ఒక కుక్క ఉండాలి. అదీ చెప్పిన మాట వినని కుక్క అయి ఉండాలి. ఈ సంగతి ప్రభుత్వం ఇంకా ఎందుకు గుర్తించలేదో నాకు అర్థం కాదు!

చిక్కడపల్లిలోని మా ఇంటికి షేరు అనే కుక్క వచ్చి నాలుగేళ్లయింది. దసరా సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి, అలాయ్ బలాయ్ తీసుకోవడం మన ఆచారం కదా. షేరుకు ఆచారాలు తెలియవు. ఇద్దరు కౌగిలించుకుంటే కొట్టుకుంటున్నారనే దాని నమ్మకం. వెంటనే మధ్యలో దూరి విడదీస్తుంది. ఇంతటి శాంతికాముకుణ్ణి మీరెక్కడైనా చూశారా?

మొదటి ఏడాది ట్రెయినర్‌ను పెట్టాం. నెల రోజుల్లో 'సిట్' నేర్పించాడు. పండుగనాడు షేరు బుద్ధిగానే కూర్చుంది. కూర్చోనిది చుట్టాలే. ఒకాయనైతే సోఫా ఎక్కి నిలబడ్డాడు. మా మేనత్త అన్నపూర్ణమ్మ అది మొరగగానే బల్ల కిందనుంచి గారెలు అందిస్తూ దొరికిపోయి, "పండుగ పూట నోరులేని జీవిని ఉపాసం ఉంచుతరార?" అని నన్నే తిట్టింది. నెల రోజుల ట్రెయినింగు రెండు గారెలతో పోయింది. మొరిగితే గారె వస్తుందన్నది మాత్రం షేరుకు బాగా గుర్తుంది.

రెండో ఏడాది పడకగదిలో పెట్టి తలుపేశాం. లోపల అది ఏడుస్తుంటే తోడుగా నేనూ వెళ్లి కూర్చున్నాను. "మీ పిల్లగానికి సంబంధాలు చూస్తలేరా?", "ఇంకెన్నేండ్లు ఈ కిరాయి ఇంట్ల?" లాంటి ప్రశ్నలన్నీ హాల్లో మా ఆవిడకే తగిలాయి. భర్తలకు ఇంతకన్నా వరం ఏం కావాలి?

మూడో ఏడాదికి చుట్టాలు గేటు దాటడమే మానేశారు. "కుక్కను కట్టేసిన్రా?" అని బయటినుంచే అడిగి, ఊచల మధ్యనుంచి జమ్మి అందించి వెళ్లిపోయారు. పావుగంటలో దసరా పూర్తయింది. టీ గిన్నె పొయ్యి మీద పెట్టనే లేదు!

అసలు లాభం ఇంకొకటుంది. చిన్నవాళ్లే జమ్మి పట్టుకుని పెద్దవాళ్ల ఇంటికి వెళ్లాలి. మా విద్యాసాగరన్న ఉండేది నల్లకుంటలో, ఆటోలో పది నిమిషాలు. మూడేళ్లూ నేను వెళ్లలేదు. కుక్కను ఒంటరిగా వదల్లేమన్నాను. వాట్సాప్‌లో జమ్మి ఆకు బొమ్మ పంపితే, ఆయన దీవిస్తున్న చెయ్యి బొమ్మ పంపాడు. కాళ్లకు మొక్కే పని కూడా తప్పింది.

ఈసారి మాత్రం ఎందుకో ఆయన్ను చూడాలనిపించింది. మొన్న ఫోన్లో గొంతు బాగా సన్నబడినట్టు అనిపించింది. షేరును నారాయణగూడలో కుక్కల హాస్టల్లో వదిలొచ్చి ఫోన్ చేశాను.

"అన్నా, ఇంట్ల కుక్క లేదు. వదినను తీస్కొని రా."

"మేం గూడ ఒకదాన్ని తెచ్చుకున్నం తమ్మీ. దాన్ని ఇడిచిపెట్టి ఎట్ల వస్తం?" అన్నాడు.

దాని పేరేందని అడిగాను. ఆయనకు వెంటనే ఏ పేరూ తోచలేదు.

అందుకని పాఠకులారా, ఈ వ్యాసం ఇక్కడితో ఆపుతున్నాను. కింద ఆటో ఆగి ఉంది. అన్న ఇంట్లో కుక్క కరుస్తుందన్న భయం నాకు లేదు. తలుపు తీసిన మనిషికి మొహం ఎలా చూపించాలన్నదే భయం.