పెంకులమ్మగారి ఆమోదముద్ర

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే ఇటు చివర కూసిన నెమలికి అటు చివరి నెమలి మర్నాటికి గానీ బదులు పలకలేనంత పెద్ద అడవిలో, పెంకులమ్మ అనే అలుగు ఉండేది. ఒళ్లంతా గట్టి పెంకులు, లోపల మెత్తటి మనసు. ఆ మనసుకి ఒకటే జబ్బు. ఎవరైనా గొంతు పెంచితే చాలు, ముక్కు పొట్టలో దూర్చుకుని బంతిలా చుట్టుకుపోయేది. అలుగులన్నీ అంతే అనుకోండి. కానీ అన్ని అలుగులకీ ఉద్యోగాలుండవు. పెంకులమ్మకి ఉండేది.

ఆమె చారల అండ్ కంపెనీలో నీతి అధికారిణి. ఆ కంపెనీకి పెట్టుబడి పులిదొరగారిది. బుర్ర మాత్రం కపిలేశం అనే నక్కది. కొత్త వస్తువులన్నీ అతనే తయారు చేసేవాడు. కిందటేడు ముళ్లపంది ముళ్లతో దువ్వెన చేసి అమ్మితే సగం అడవికి నెత్తి గీరుకుపోయింది. దాంతో గడ్డి తినే జాతులన్నీ ఒక్క మాట మీద నిలబడ్డాయి. పెంకులమ్మ చూసి ముద్ర వేస్తే తప్ప ఈ కంపెనీ సరుకు ముట్టుకోం అన్నాయి. అలా పుట్టింది ఆ ఉద్యోగం. జీతం నెలకో చెదపుట్ట.

ఆ ఎండాకాలం కపిలేశం మీటింగు పెట్టి, కొత్త వస్తువు గురించి చెప్పాడు. దాని పేరు 'ఎక్కడున్నావమ్మా'.

"తల్లులకి వరం మేడం ఇది," అన్నాడు. "పిల్లల మెళ్లో గురివింద గింజల దండ కడతాం. దండ ఉన్నవాళ్లని చెట్ల మీద మా చిలకలు కనిపెట్టుకుని ఉంటాయి. తల్లి వెళ్లి ఏ చిలకనడిగినా సరే, ఒకదాన్నుంచి ఒకటి కబురందుకుని, బిడ్డ ఎక్కడుందో ఠక్కున చెప్పేస్తాయి. పైగా ఉచితం."

"ఉచితమైతే కంపెనీకేం మిగులుతుంది?" అంది పెంకులమ్మ.

"ఆశీర్వాదం," అన్నాడు కపిలేశం కళ్లు మూసుకుని.

రాతి మీద కూర్చున్న పులిదొరగారు కూడా కళ్లు మూసుకున్నారు.

"తల్లులు కాక ఇంకెవరైనా అడిగితే?"

"ఎవరడిగినా చెబుతాయి. మా చిలకలకి చిన్నా పెద్దా తేడా లేదండి."

"మరి దొరగారికీ దండ కడతారా?"

"ఆయన మెడకి సరిపడా గింజలు దొరకలేదు మేడం. వెతుకుతున్నాం."

"పోనీ, కట్టించుకున్నాక వద్దనుకుంటే?"

"నిక్షేపంలా తీసేసుకోవచ్చు. ముడి వేసేది గిజిగాడు కాబట్టి విప్పడం కూడా గిజిగాడి వల్లే అవుతుంది. గిజిగాడు విప్పాలంటే గుడ్లగూబగారి అనుమతి కావాలి. ఆయన తాటిచెట్టు చిటారున ఉంటారు. ఎక్కి, మిట్టమధ్యాహ్నం ఆయన్ని నిద్రలేపి, ఏడుసార్లు 'వద్దు' అనాలి. అంతే."

"కుందేలు తాటిచెట్టు ఎలా ఎక్కుతుందయ్యా?"

"ఎక్కొద్దని మేమెక్కడా అనలేదే!" అన్నాడు కపిలేశం నొచ్చుకుంటూ.

పెంకులమ్మ పట్టు వదల్లేదు. వాడబోయేవాళ్ల అభిప్రాయం తీసుకున్నారా అని అడిగింది. తీసుకోకుండా ఉంటామా అంటూ కపిలేశం పక్క బండ మీదున్న తొండని చూపించాడు. అదే వాడకందార్ల ప్రతినిధట.

"ఏవయ్యా, ఈ దండ నీకిష్టమేనా?" అన్నాడు.

తొండ తల పైకీ కిందకీ ఊపింది.

"పిల్లలకి మంచిదేనా?"

మళ్లీ ఊపింది.

"ఇప్పుడు వాన పడుతోందా?" అని పెంకులమ్మ అడిగింది. నెత్తి మీద ఎండ మాడ్చేస్తోంది.

తొండ ఇంకా గట్టిగా ఊపింది.

"చూశారా, ఎంత ఆశావాదో!" అన్నాడు కపిలేశం.

తర్వాత నీతి ఫారం తీశాడు. అందులో పన్నెండు ప్రశ్నలు. దీనివల్ల ఎవరికైనా హాని ఉందా, దీంట్లో మోసం ఉందా, ఇలాంటివి. కపిలేశం పనిమంతుడు, చదవకుండానే అన్నిటికీ 'లేదు' అని రాసుకొచ్చాడు. పన్నెండో ప్రశ్న 'మీ కంపెనీకి నీతి ఉందా?' దానికీ 'లేదు' అనే ఉంది.

పెంకులమ్మ ఆ కాగితం చేతిలో పట్టుకుని దూదక్కని తలుచుకుంది. దూదక్క పొరుగు బొరియలో ఉండే కుందేలు. నలుగురు పిల్లలు. "నాకా చదువు లేదు వదినా, ఆ నక్క చెప్పేది ఒక్క ముక్క అర్థం కాదు. నువ్వు ముద్రేస్తే మావాళ్లకి కట్టిస్తా, లేకపోతే లేదు," అని ఆ పొద్దునే చెప్పి పంపింది.

"కపిలేశంగారూ," అంది పెంకులమ్మ, గొంతు సవరించుకుని. "దీనివల్ల తల్లులకి కాస్త నిశ్చింత, నిజమే. కానీ కోరలున్నవాళ్లకి మాత్రం..."

దొరగారు దగ్గారు. గర్జన కూడా కాదు, ఒక్క దగ్గు.

అంతే, పెంకులమ్మ బంతిలా చుట్టుకుపోయింది.

కపిలేశం క్షణం ఆలస్యం చెయ్యలేదు. పక్కనే దొప్పలో నేరేడు పళ్ల రసం సిద్ధంగా ఉంది. పెంకులమ్మని అందులో ఓసారి దొర్లించి, అక్కణ్నుంచి ఫారం మీదికి దొర్లించాడు. పెంకు పెంకూ అచ్చుపడింది. మీటింగు పుస్తకంలో 'అధికారిణి నిండుగా వంగి అంగీకరించారు' అని రాసుకున్నారు. తొండ తల ఊపింది.

పెంకులమ్మ మూడో రోజుకి తెరుచుకుంది. అప్పటికి అడవి నిండా ఎర్రటి దండలే.

"నీ ముద్ర చూసి అందరికంటే ముందు మేమే కట్టించాం వదినా!" అంది దూదక్క సంబరంగా. "ఎలా ఉన్నాయి?"

నిజం నాలుక మీదికి వచ్చింది. అలుగు నాలుక చాలా పొడుగు కాబట్టి సగం దారిలోనే ఆగిపోయింది. "బాగున్నాయి," అనేసి లోపలికెళ్లి, మొట్టమొదటిసారి ఎవరూ అరవకుండానే చుట్టుకుని పడుకుంది. ఆ రోజు జీతం పుట్ట ఇంటి ముందుకొచ్చినా ఒక్క చెదపురుగు కూడా మింగుడు పడలేదు.

ఐదో రోజు దూదక్క మూడో పిల్లాడు తోక మీద బొచ్చు లేకుండా పరిగెత్తుకొచ్చాడు. పొదలో ఊపిరి బిగబట్టి దాక్కుంటే దొరగారు దారి తెలిసినట్టు తిన్నగా అక్కడికే వచ్చారట. ఒక్క గెంతు ఆలస్యమైతే పిల్లాడు దక్కేవాడు కాదు.

దూదక్క తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నువ్వు అన్నీ చూసే వేశావుగా వదినా, ముద్ర?" అని మాత్రం అడిగింది.

పెంకులమ్మకి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఉన్నదున్నట్టు చెప్పేసింది. దగ్గూ, దొప్పా, దొర్లించడం, అన్నీ. దూదక్క చెవులు రెండూ వాల్చేసి నలుగురు పిల్లల్నీ మార్చి మార్చి చూసుకుంది.

"ఇప్పుడేం చేస్తావ్?" అంది చివరికి.

"ఎల్లుండి ఇంకో మీటింగుంది. దండకి కొత్త సదుపాయం తెస్తున్నారు, 'ఎటు పోతున్నావమ్మా' అని. పిల్ల ఎటు వైపు నడుస్తోందో కూడా చిలకలు చెబుతాయట. దానికి మళ్లీ నా ముద్ర కావాలి."

"చెప్పేస్తావా, వెయ్యనని?"

"చెబుదామనే ఉంటుంది దూదీ. ఆయన దగ్గితే నడుము నా మాట వినదు."

దూదక్క వెళ్లి మూరెడు వెదురుబద్ద తెచ్చింది. పెంకులమ్మ పొట్టకి నిలువునా ఆనించి, మర్రి నారతో చుట్టూ బిగించి కట్టింది. "ఇప్పుడు చుట్టుకో చూద్దాం," అని చెవి దగ్గర గట్టిగా అరిచింది. పెంకులమ్మ చుట్టుకోవాలని నానా తంటాలు పడి, నిటారుగా వెల్లకిలా పడింది.

మీటింగు రోజున పెంకులమ్మ కర్రలా బిగుసుకుని నడిచొచ్చింది. ఇదేం నడక మేడం అంటే వాతం అంది. కపిలేశం రసం దొప్ప దగ్గరికి జరుపుకున్నాడు.

"దొర్లే ముందు ఒక్క ప్రశ్న," అంది పెంకులమ్మ. "చిలకల్ని రోజుకి ఎవరెవరు ఎన్నిసార్లు అడుగుతున్నారు?"

కపిలేశం సైగ చేసేలోపే పైకొమ్మ మీద చిలక వాగేసింది. "తల్లులందరూ కలిసి అరవై సార్లు! దొరగారొక్కరే నాలుగు వందల సార్లు!"

దొరగారు దగ్గారు. పెంకులమ్మ లోపల్లోపల ముడుచుకుపోవాలని గిలగిల్లాడింది. బద్ద వంగలేదు. దొరగారు ఈసారి గర్జించారు. కొమ్మ మీది చిలక కింద పడింది. పెంకులమ్మ కళ్లలోంచి నీళ్లు కారాయి గానీ తను మాత్రం అలాగే నిలబడి ఉంది. పులి మొహాన్ని అంత దగ్గరగా, అంతసేపు చూడడం ఆమెకదే మొదటిసారి. మీసాలకి ఇంకా తెల్లటి బొచ్చు అంటుకుని ఉంది. అది దూదక్క మూడోవాడి తోకది. దాంతో ఆమెకి భయం పోలేదు గానీ, దాని పక్కనే పట్టరాని కోపం కూడా వచ్చి కూర్చుంది.

"అది ప్రేమ మేడం," అన్నాడు కపిలేశం గాభరాగా. "దొరగారికి పిల్లలంటే ప్రాణం."

"ప్రాణం," అన్నారు దొరగారు.

"అదే కదా నా బాధ!" అంది పెంకులమ్మ. "నాలుగు వందల సార్లు కనుక్కుంటారు, ఒక్కరికైనా తెలుస్తోందా? ఎవరు అడుగుతున్నారో, ఎక్కణ్నుంచి అడుగుతున్నారో చిలకలు ముందు గట్టిగా చెప్పి, ఆ తర్వాత జవాబు చెప్పాలి. అప్పుడు కదా దొరగారి ప్రేమ అడవికి తెలిసేది! ఆ ఒక్క మాటా చేర్చండి, ముద్ర వేసేస్తాను."

దొరగారి మీసాలు ఇంతెత్తున లేచాయి. కపిలేశం ఆయన చెవిలో ఏదో గొణగబోయాడు.

"ఏవిట్రా? నా ప్రేమని దాచమంటావా?" అన్నారు దొరగారు.

ఉద్యోగం ఉన్నవాడెవడూ ఆ ప్రశ్నకి అవునని చెప్పడు. కపిలేశం చెప్పలేదు. తొండ తల ఊపింది. పెంకులమ్మ ముంగాలు రసంలో ముంచి, తన చేత్తో తానే ముద్ర వేసింది.

మర్నాడు తెల్లారగానే చిలకలు అందుకున్నాయి.

"పులిదొరగారు ప్రేమతో అడుగుతున్నారు! గవ్వలవాగు మలుపులో, మద్దిచెట్టు వెనకాల నుంచి అడుగుతున్నారు! దూదక్క పెద్దకొడుకు ఎక్కడ, ఎటు పోతున్నాడు?"

జవాబు వచ్చేసరికి దూదక్క పెద్దకొడుకు అక్కడ లేడు. గవ్వలవాగు వైపు చీమ కూడా లేదు. దొరగారు చోటు మార్చి అడిగారు. చిలకలు ఆ చోటూ చెప్పాయి. గుసగుసగా అడిగితే, "దొరగారు గుసగుసగా అడుగుతున్నారు!" అని అరిచాయి. కపిలేశాన్ని పంపి అడిగిస్తే, "దొరగారి తరఫున నక్కగారు, ఈతపొద లోంచి!" అన్నాయి. ఇంతకుముందు పులి ఎటునుంచి వస్తుందో తెలియక చచ్చే జింకలు ఇప్పుడు పొద్దున్నే లేచి, దొరగారి ప్రేమ ఏ దిక్కునుంచో విని, రెండో దిక్కున తీరిగ్గా మేశాయి.

ఎనిమిది రోజులు గడిచాయి. రోజుకి నాలుగు వందల సార్లు అడగడం అలవాటై, చిలకలు లేకుండా వేటాడడం దొరగారు మర్చేపోయారు. దొరగారి పొట్ట వీపుకి అంటుకుంది. ఆకలికి ఆగలేక తొండ దగ్గరికెళ్లి, "నిన్ను తినొచ్చా?" అని అడిగారు. తొండ తల ఊపింది. ఆ అడవిలో సక్రమంగా అనుమతి అడిగి నోట్లో పెట్టుకున్న ముద్ద అదొక్కటే. అదీ ఒళ్లంతా గరుకని ఉమ్మేశారు. కింద పడ్డ తొండ ఇంకా తల ఊపుతూనే ఉంది.

తొమ్మిదో రోజు అడవి మొత్తాన్నీ సమావేశపరిచారు. దొరగారు నిలబడలేక చెట్టుకి ఆనుకున్నారు.

"ఒక జీవి ఎక్కడుందో నలుగురికీ చాటడం," అన్నారు వణుకుతున్న గొంతుతో, "ఎంత ఘోరం! ఎంత అన్యాయం! ఆ జీవికీ ఓ మర్యాద ఉండదూ? ఓ ఏకాంతం ఉండదూ? ఈ వస్తువుని నీతి కారణాల మీద ఈ క్షణం నుంచి రద్దు చేస్తున్నాను."

గుడ్లగూబగారు పట్టపగలు తనంతట తానే కిందకి దిగొచ్చారు. గిజిగాళ్లు ఒక్క పూటలో అడవిలోని ముడులన్నీ విప్పేశాయి. దూదక్క పిల్లలు నలుగురూ ఖాళీ మెడలు తడుముకుంటూ గెంతారు. కపిలేశం ముందుకొచ్చి దొరగారికి 'నీతిశార్దూల' బిరుదు ప్రకటించి దండ వేశాడు. ఈసారి మెడకి సరిపడా గింజలు దొరికాయి.

తర్వాత పెంకులమ్మని పిలిచి, "సమస్య తీరిపోయింది కదా మేడం, ఇక నీతి అధికారిణి అవసరం కంపెనీకి లేదు. మీ సేవలకి ధన్యవాదాలు," అన్నాడు.

"సరే," అంది పెంకులమ్మ, తనే చెదపుట్ట వెతుక్కోవాలి కదా అనుకుంటూ. దూదక్క వచ్చి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ పిల్లల్ని వెంటేసుకుని ఇంటిదారి పట్టారు.

నీతి: పులికి భోజనం తప్పేదాకా ఏ అడవిలోనూ నీతి సమస్యలుండవు.