సున్నా తీసేసిన ప్రపంచం

సోమవారం ఉదయం అద్దం ముందు గడ్డం గీసుకుంటూ అనంతరామయ్య ఒక నిర్ణయానికి వచ్చాడు. శుక్రవారం లోపల ఖురానా సాహెబును దేవుణ్ణి చేసెయ్యాలి. ఆ పని జరిగితే ఆర్.కె. పురం క్వార్టరూ, ఢిల్లీ ఉద్యోగమూ నిలబడతాయి. జరగకపోతే నెలాఖరుకు పెట్టేబేడా సర్దుకుని భుజ్ రైలెక్కాలి. గుజరాత్ చివర ఉన్న ఆ భుజ్‌కు బదిలీ చేస్తూ వచ్చిన కాగితాన్ని వారం క్రితమే బీరువాలో పట్టుచీరల అడుగున పెట్టాడు. కంటికి కనపడని కాగితం అమల్లోకి రాదని అతని నమ్మకం.

భయం ఊరును చూసి కాదు. కూతురు సాత్విక ఆ ఏడే, అంటే తొంభై ఆరులో, ధౌలా కువాన్ కాలేజీలో బి.ఏ.లో చేరింది. తండ్రి వెళ్ళిపోతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. పిల్ల మునిర్కాలోనో కటవారియా సరాయ్‌లోనో కిటికీ లేని గదిలో ఒంటరిగా ఉండాలి. ఆ మాట తలపుకు వచ్చినప్పుడల్లా కృష్ణకుమారి వంటింట్లో గిన్నెలు దభీమని పెడుతోంది. ఇంతవరకూ అనంతరామయ్య కష్టం న్యాయమైనదే. దాన్ని గట్టెక్కించడానికి అతను వాడిన తెలివి గురించి అంత మంచి మాట చెప్పలేం.

డైరెక్టర్ ఖురానా తలుచుకుంటే బదిలీ ఆగుతుంది. ఖురానా తలుచుకునేలా ఎలా చెయ్యాలన్నదే ప్రశ్న. ఆఫీసులో హిందీ వాడకం పెంచడానికి ఏటా పదిహేను రోజులు జరిపే హిందీ పక్షోత్సవాలు నడుస్తున్నాయి. శుక్రవారం ముగింపు సభ. ఆ రోజే సాహెబు పుట్టినరోజు. రెండింటినీ కలిపి, సాహెబుకు విశ్వరూప చిత్రపటం బహూకరించాలని అనంతరామయ్య పథకం. సఫారీ సూటులో సాహెబు, పది చేతులు, ఒక్కో చేతిలో ఒక్కో కార్యాలయ పరికరం. భుజ్‌ను తప్పించుకోవడానికి పది భుజాలు. ఈ చమత్కారం తనకే తట్టినందుకు అద్దంలో తనను తాను చూసుకుని కాస్త నవ్వుకున్నాడు కూడా.

"దేవుడికైతే రాక్షసుల్ని చంపే పనుంటుంది, పది చేతులు కావాలి" అంది కృష్ణకుమారి ఇడ్లీ పళ్ళెం ముందు పెట్టి. "మీ సాహెబు సంతకం పెట్టడానికి ఒక్క చెయ్యి చాలదుటండీ?"

భార్యకు కళాదృష్టి లేదని అనంతరామయ్య పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టాడు. ఇడ్లీ తిని బస్సెక్కాడు.

ఆఫీసులో ఈ సంగతి పొక్కగానే చేతుల కోసం తగాదా మొదలైంది. డిస్పాచ్ విభాగం వాళ్ళు కుడివైపు పై చేతిలో రబ్బరు స్టాంపు ఉండి తీరాలన్నారు. ఎస్టాబ్లిష్‌మెంట్ వాళ్ళు ఆ చెయ్యి తమ ఫైలుకే దక్కాలన్నారు. టైపిస్టులు తమకు చెయ్యే కేటాయించలేదని వినతిపత్రం టైపు చేశారు, మూడు కాపీలు. చివరికి ఫైలు, స్టాంపు, టెలిఫోను, కలం, తాళాల గుత్తి, టైపు రిబ్బను, గొడుగు, గడియారం, టీ కప్పు అని తొమ్మిది చేతులకు ఒప్పందం కుదిరింది. పదో చెయ్యి అభయహస్తం. దాని కింద చేతులు జోడించుకుని కూర్చున్న చిన్న భక్తుడికి అనంతరామయ్య ముఖం పెట్టాలని అనంతరామయ్యే నిర్ణయించాడు. వాహనంగా తెల్ల తెరలున్న అంబాసిడర్ కారు. ఖురానా హోదాకు ప్రభుత్వం కారు ఇవ్వలేదు గనుక పటంలోనైనా ఉండాలి.

ఇక కింద రాయవలసిన వాక్యం. ఇక్కడ అనంతరామయ్య హిందీ గురించి కొంత చెప్పాలి. ఢిల్లీలో పందొమ్మిదేళ్ళు ఉండి అతను ఆ భాష నేర్చుకోలేదు, తయారుచేసుకున్నాడు. పద్ధతి సులువు. తెలుగు మాట చివరి సున్నా తీసేస్తే హిందీ. పుస్తకం పుస్తక్, నగరం నగర్, వాహనం వాహన్. కూరగాయల బండివాడి దగ్గర ఈ పద్ధతి బోల్తా కొట్టేది గానీ, ఆఫీసు ఫైళ్ళలో పందొమ్మిదేళ్ళు దివ్యంగా నడిచింది. ఆ ఫైళ్ళు ఎవరూ చదవరు. ఖురానా అసలే చదవడు. లాహోరులో పుట్టి ఉర్దూలో ఓనమాలు దిద్దుకున్న మనిషి, హిందీ కాగితం మీద పెన్సిలు టిక్కు ఎక్కడుంటే అక్కడ సంతకం పెడతాడు.

సమస్త ప్రపంచానికి మూలాధారం, అనుకున్నాడు అనంతరామయ్య. సున్నాలు తీసేశాడు. "సమస్త ప్రపంచ్ కే మూలాధార్, శ్రీ ఖురానాజీ."

పక్క సీటు నాగభూషణం వరంగల్ మనిషి. కాగితం చూసి బుర్ర గోక్కున్నాడు. "అన్నా, ఒక్కపారి మీ బిడ్డకు చూపియ్యరాదె. ఈడ్నే పుట్టి పెరిగింది, హిందీ మంచిగొస్తది."

నిన్న మొన్న కాలేజీలో చేరిన పిల్లకు తన హిందీ చూపించడమా? అనంతరామయ్య అదేదో బూతు విన్నట్టు ముఖం పెట్టి, భోజన విరామంలో మునిర్కా వెళ్ళి బోర్డులు రాసే బన్వారీకి పని అప్పగించాడు. బన్వారీ వాక్యాన్ని రెండుసార్లు చదివి, ఈ మాటే రాయాలా అని అడిగాడు. అదే అన్నాడు అనంతరామయ్య, ఒక్క అక్షరం మార్చినా ఊరుకోనన్నాడు. బన్వారీ భుజాలెగరేసి బ్రష్షు తీశాడు.

గురువారం మధ్యాహ్నానికి పటం వచ్చింది. ఖురానా గది తలుపు మూయించి పటం చూసుకున్నాడు. అక్షరాల జోలికి పోలేదు. చాలాసేపు కారునే చూశాడు. తరువాత, రేపు సభలో జాయింట్ సెక్రటరీ మేడమ్ చేత దీన్ని ఆవిష్కరింపజేద్దామన్నాడు. భుజ్ సంగతి సోమవారం చూద్దామని చెప్పి, ఆ పూటకు ఇంటికి వెళ్ళిపోయాడు. అనంతరామయ్య గాలిలో తేలుతూ ఇల్లు చేరాడు.

భోజనం దగ్గర కూర్చుని పటాన్ని చెయ్యి చెయ్యిగా వర్ణించి, చివర వాక్యాన్ని రాగం తీసి వినిపించాడు. సాత్విక ముద్ద నోటి దగ్గరే ఆపేసింది.

"పాపా, ఆప్‌నే సచ్ మే యే లిఖ్‌వాయా?" నిజంగానే ఇది రాయించారా అని తండ్రిని హిందీలో అడిగింది.

"రాయించకేం. బావుందా?"

"హిందీలో ప్రపంచ్ అంటే వరల్డ్ కాదు నాన్నా. ఛల్, కపట్." తెలుగు మాట కోసం వెతుక్కుంది. "మోసం. కుట్ర. ఖురానా అంకుల్ అన్ని కుట్రలకీ రూట్ అని రాయించారు మీరు."

అనంతరామయ్య లేచి నిఘంటువు తీశాడు. పందొమ్మిదేళ్ళలో దాని అవసరం పడటం అదే మొదలు. నిఘంటువు కూతురి పక్షమే వహించింది. ఆఫీసుకు తాళాలు పడిపోయాయి, పటం సభ జరిగే హాల్లో ఉంది, సభ పదిన్నరకు. ఆ పూట అతనికి మజ్జిగన్నం కూడా సయించలేదు.

మనిషన్నవాడు ఇక్కడ ఆగి, ఉదయాన్నే వెళ్ళి తప్పు ఒప్పుకుని, పటం వెనక్కి తీసుకునేవాడు. అనంతరామయ్యకు ఆ దారి కనపడనేలేదు. తనకు హిందీ రాదని నలుగురికీ తెలియడం కన్నా అతనికి భుజే నయం. అందుకని శుక్రవారం తెల్లారగానే మలై మందిర్ దగ్గరికి పరుగెత్తి, బంతిపూల దండల్లో అన్నిటికన్నా లావుది కొన్నాడు. తొమ్మిదికల్లా హాలు తెరిపించి, పటం మీద గుడ్డ తీసేసి, దండను రెండు పేటలుగా వేసి వాక్యం మీదికి దించాడు. ఒక్క అక్షరం కూడా కనపడలేదు. ఎదురుగా నిలబడి చేతులు జోడించి, గండం గడిచిపోవాలని ఉన్న దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడే చప్రాసీ రామ్‌సరన్ కుర్చీలు తుడవడానికి లోపలికి వచ్చాడు. సాహెబు బొమ్మ, బొమ్మకు దండ, దాని ముందు కంటతడి పెట్టుకున్న గుమాస్తా బాబు. బతికున్నవాడి బొమ్మకు ఎవరూ దండ వెయ్యరని ప్రభుత్వోద్యోగం లేనివాళ్ళకు కూడా తెలుసు. రామ్‌సరన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"కబ్ హువా, సాబ్?" ఎప్పుడు జరిగిందని అడిగాడు.

పటం ఎప్పుడు వచ్చిందని అడుగుతున్నాడనుకున్నాడు అనంతరామయ్య. "కల్. దోపహర్ కో." నిన్న మధ్యాహ్నం.

"కైసే?" ఎలా జరిగిందని.

"అచానక్" అన్నాడు, అంటే హఠాత్తుగా, మేడమ్‌కు ఆశ్చర్యం కలిగించాలనే రహస్యంగా ఉంచామన్న ఉద్దేశంతో. "కిసీకో బతాయా నహీ." ఎవరికీ చెప్పలేదని కూడా అన్నాడు.

రామ్‌సరన్ తల అడ్డంగా ఊపుతూ బయటికి నడిచాడు. పని చక్కబెట్టుకున్న అనంతరామయ్య కాంటీనుకు పోయి బ్రెడ్ పకోడీకి ఆర్డరిచ్చాడు.

ఆ ఆఫీసులో ఒక ఫైలు ఒక బల్ల మీంచి పక్క బల్ల మీదికి చేరడానికి మూడు వారాలు పడుతుంది. ఖురానా చావు కబురు నాలుగు అంతస్తులూ తిరగడానికి పది నిమిషాలు పట్టింది. టైపిస్టులు యంత్రాలకు ముసుగులు వేశారు. డిస్పాచ్ వాళ్ళు మధ్యాహ్నం నుంచి సెలవు ఇస్తారా, ఇప్పటినుంచేనా అని వాకబు చేశారు. మూడుసార్లు సెలవు నిరాకరింపబడిన ఒకావిడ అందరికన్నా ఎక్కువ ఏడ్చింది, బహుశా సంతోషం పట్టలేక. సంతాప తీర్మానం నాగభూషణం రాశాడు. మరణించిన అధికారులందరికీ ఒకటే నమూనా ఉంది, పేరు మారిస్తే సరిపోతుంది. కబురంది జాయింట్ సెక్రటరీ సక్సేనా మేడమ్ కిందికి దిగివచ్చింది. అలహాబాదు మనిషి, హిందీలో పండితురాలు. అందరినీ లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించమంది. పకోడీ ముగించి వచ్చిన అనంతరామయ్య, అందరూ నిలబడి ఉండటం చూసి, సభ ప్రార్థనతో మొదలైందనుకుని తానూ తల వంచాడు.

సరిగ్గా అప్పుడు ఖురానా వచ్చాడు. కొత్త టై కట్టుకుని, పుట్టినరోజు అభినందనలు అందుకోవడానికి తయారుగా నవ్వుతూ వచ్చాడు. హాలంతా మౌనంగా ఉంది. ముప్పై ఏళ్ళ సర్వీసున్నవాడు కనుక కారణం అడగకుండా తానూ తల దించుకుని చివరి వరుసలో నిలబడ్డాడు. మౌనం ముగియబోతుండగా, ఎవరు పోయారని పక్కనున్న నాగభూషణం చెవిలో అడిగాడు.

"కౌన్ గుజర్ గయా?"

"ఖురానా సాబ్, సర్" అన్నాడు నాగభూషణం, తల ఎత్తకుండానే.

ఆ తరువాత జరిగిన గందరగోళంలో రెండు కుర్చీలు విరిగాయి. సెలవు పోయిందని తెలిసి డిస్పాచ్ విభాగం మొత్తం దిగాలుపడింది. ఖురానా ముఖం జేవురించింది. నేరుగా పటం దగ్గరికి వెళ్ళి దండను రెండు చేతులా పట్టి ఒక్క లాగు లాగాడు. బంతిపూలు నేలంతా రాలాయి. పది చేతులు, కారు, కారు కింద ఎర్ర రంగులో బన్వారీ రాసిన ముత్యాల్లాంటి అక్షరాలు బయటపడ్డాయి. సక్సేనా మేడమ్ కళ్ళద్దాలు సర్దుకుని పైకే చదివింది.

"సమస్త ప్రపంచ్ కే మూలాధార్."

ఉత్తరాదివాళ్ళంతా నవ్వు దాచుకోవడానికి ఖళ్ళుఖళ్ళున దగ్గారు. ఖురానా పక్కవాణ్ణి అర్థం అడిగి, తెలుసుకుని, కుర్చీలో కూలబడ్డాడు. ఎవరు రాశారని మేడమ్ అడిగింది. ఆ అవసరమే లేదు, భక్తుడు పటంలోనే ఉన్నాడు. అందరి చూపులూ పటంలోని ముఖం మీంచి అసలు ముఖం మీదికి తిరిగాయి.

"ఈ మాటకు అర్థం తెలిసే రాశారా?" అంది మేడమ్ ఇంగ్లీషులో, నిదానంగా.

అనంతరామయ్య లెక్క వేసుకున్నాడు. తెలియదంటే క్షమాపణతో పోతుంది. ఖురానా కోపం నాలుగు రోజులకు చల్లారుతుంది, సోమవారం ఫైలు కదలవచ్చు, కూతురికి గది వెతికే బాధ తప్పవచ్చు. కాని తెలియదన్న మాట నాలుగు అంతస్తుల మనుషుల ముందు అనాలి. హిందీ పక్షోత్సవాల్లో అనాలి. నాగభూషణం వింటుండగా అనాలి. సాత్విక ముఖం ఒక్క క్షణం కళ్ళ ముందు మెదిలింది. దాన్ని పక్కకు నెట్టి ఛాతీ విరుచుకున్నాడు.

"జానతా హూం, మేడమ్." తెలుసనే అన్నాడు.

"మంచిది. అయితే ఇది పొగడ్త కాదు, ఫిర్యాదు. చేతులు పది కనుక కుట్రలూ పదే ఉండాలి. సోమవారానికి రాసివ్వండి."

ఖురానా అతనివైపు చూసిన చూపుకు ఏ భాషలోనూ సున్నా తీయవలసిన పనిలేదు.

ఫిర్యాదు ఇచ్చినవాణ్ణి విచారణ ముగిసేదాకా బదిలీ చెయ్యరని నాగభూషణం సాయంత్రం చెవిలో వేశాడు. అది విన్న అనంతరామయ్యకు పోయిన ప్రాణం లేచివచ్చింది. శని, ఆదివారాలు కూర్చుని పది కుట్రలూ రాశాడు. బంధువులకిచ్చిన కాంట్రాక్టులు, పాత తారీకులు వేసిన ఉత్తర్వులు, కొనకుండానే కొన్నట్టు చూపిన అల్మారాలు. ఫైలు నంబర్లతో సహా రాశాడు. అన్నీ నోటికి వచ్చు. నోటికి రావడానికి కారణమేమిటో అతనికి రాస్తున్నంతసేపూ తట్టలేదు. విచారణాధికారికి మొదటి రోజే తట్టింది. ఆ పది కాగితాల చిత్తు ప్రతులూ అనంతరామయ్య చేతిరాతే, ప్రతిదాని మీదా సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తూ అతని పెన్సిలు టిక్కే. ఖురానా మాత్రం తనకు హిందీ చదవడం రాదని రాసిచ్చాడు. నిజమే కనుక అందరూ నమ్మారు. అతనికి ప్రమోషనిచ్చి బొంబాయి పంపారు, కారుతో సహా.

నవంబరులో అనంతరామయ్యకు రిజిస్టరు కవరు వచ్చింది. విప్పకుండానే కూతురికిచ్చాడు. సాత్విక గుమ్మంలోనే నిలబడి చదివి, మెల్లిగా తెలుగులో చెప్పింది. భుజ్ బదిలీ రద్దు. విచారణ తేలేదాకా సస్పెన్షన్. క్వార్టరులో ఉండవచ్చు, కాని అనుమతి లేకుండా ఢిల్లీ దాటి ఎక్కడికీ వెళ్ళకూడదు.

కృష్ణకుమారి చెయ్యి చాచి కాగితం తీసుకుని, మడిచి, బీరువా తాళం కోసం వెళ్ళింది. పందొమ్మిదేళ్ళ సర్వీసులో అనంతరామయ్య కోరింది కోరినట్టు ప్రభుత్వం మంజూరు చేసిన కాగితం అదొక్కటే.