సోఫాలో తప్ప ఇల్లంతా

ఆ ఆదివారం ఉదయం పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. హాల్లో సబ్‌వూఫర్‌కి, అంటే బేసు మోగించే పెట్టెకి, సరైన చోటు చూడాలి, ఇంటి ఓనరుగారు వచ్చేలోగా దాన్ని ఆపేయాలి, ఆపైన బుద్ధిమంతుడిలా కూర్చోవాలి. ఓనరుగారు ఉండేది కింది పోర్షన్లోనే. కొత్త అగ్రిమెంటు మీద సంతకం పెట్టడానికి పైకి వస్తానన్నారు. ఆయనకి చప్పుడంటే ఒళ్ళు మంట. మిక్సీ గట్టిగా తిప్పుతున్నారని వెనకటి అద్దెవాళ్ళని ఖాళీ చేయించిన ఘనుడు.

డాక్టరుకేమో ఆ హాలంటే ప్రాణం. వారమంతా జనం నోళ్ళలో డ్రిల్లు కీచుమంటుంటే విని విని, ఆయన చెవులు లోతైన బేసు మోత కోసం మొహం వాచిపోయి ఉన్నాయి. ఎత్తయిన కప్పు, మందపాటి కర్టెన్లు, సరిగ్గా నడిమధ్యలో సోఫా. "మెట్లెక్కలేక నా మోకాళ్ళు అరిగిపోతున్నాయండీ, కింద ఎక్కడైనా ఇల్లు చూద్దాం" అని భార్య ఎన్నిసార్లు మొత్తుకున్నా, ఇలాంటి హాలు మళ్ళీ దొరకదని ఆయన పెడచెవిన పెడుతూ వచ్చాడు.

సబ్‌వూఫర్‌ని కిటికీ పక్క మూలకి తోసి, ఫోన్లో ఒకే స్థాయిలో సాగే, చెవికంటే ఒంటికే ఎక్కువ తెలిసే లోతైన మోత ఒకటి పెట్టి, ఫోన్ని గోడ అలమరలో ఉంచి, సోఫాలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఏమీ వినపడలేదు. రిమోట్‌తో కాస్త పెంచాడు. ఊహూఁ. ఇంకాస్త పెంచాడు. చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా లేదు.

"ఏమండీ, వంటింట్లో మూతలన్నీ ఎగిరెగిరి పడుతున్నాయి. ఏం చేస్తున్నారు?" అంటూ భార్య గరిటెతో సహా వచ్చింది.

"ఏమీ చేయడం లేదు. అదే నా బాధ. ఇలా వచ్చి కూర్చో, నీకేమైనా వినిపిస్తోందా?"

ఆవిడ సోఫాలో కూర్చుంది. చెవి రిక్కించింది. "లేదే!"

"చూశావా? పెట్టె పాడైంది."

"మరి మూతలు?"

"నీ మూతల సంగతి నన్నడుగుతావేమిటి?" అని విసుక్కుని, రిమోట్‌ని చివరికంటా నొక్కాడు డాక్టరు. ఆవిడ వంటింట్లోకి తిరిగి వెళ్ళేసరికి పళ్ళేలు కూడా మూతలతో కలిశాయి.

ఇంతలో తలుపు దబదబా మోగింది. ఓనరుగారు. ఒక చేతిలో అగ్రిమెంటు, రెండో చేయి దవడకి ఆనించి ఉంది. కిందటి నెలే డాక్టరు ఆయనకి రెండు వరసలూ కట్టుడుపళ్ళు పెట్టాడు.

"ఏం పళ్ళండీ ఇవి? పొద్దున గిన్నెలో నీళ్ళు పోసి ఉంచితే వాటంతటవే టకటకమంటున్నాయి. పోనీ కదా అని నోట్లో పెట్టుకుంటే నోట్లోనూ అదే వరస! నేను నోరు మూసుకుని కూర్చుంటే, 'ఎవరిమీదండీ సణుగుతున్నారు?' అని మా ఆవిడ దెబ్బలాటకి వచ్చింది."

పాటల పెట్టెని తిట్టినా ఓర్చుకుంటాడేమో గానీ, తన పనికి వంక పెడితే డాక్టరు ఊరుకోడు. ఓనరుగారిని రెక్క పట్టుకుని తెచ్చి సోఫాలో కూలేశాడు. "ఏదీ, ఇప్పుడు చూడండి. ఒక్క పన్ను కదిలితే నా బోర్డు తిప్పేస్తాను."

ఓనరుగారు నోరు మూసి చూశారు, తెరిచి చూశారు. పళ్ళు బండరాళ్ళలా ఉన్నాయి. ఆయన తెల్లబోయి, "చిత్రంగా ఉందే!" అనుకుంటూ కిందికి దిగారు. దిగినంత వేగంగానే మళ్ళీ ఎక్కారు.

"మళ్ళీ మొదలు! నా కుర్చీలో కూర్చున్నానో లేదో, మొదలు!"

ఈసారి నోట్లోకి తొంగిచూద్దామని డాక్టరు టార్చి కోసం గోడ అలమర దగ్గరికి వెళ్ళాడు. అక్కడ గుండెల మీద ఎవరో రోకలితో దంచినట్టయింది. ఒకడుగు వెనక్కి వేశాడు, తగ్గింది. ముందుకి వేశాడు, పక్కటెముకలు లెక్కపెట్టుకోగలిగాడు. అప్పుడు వెలిగింది. మూలనుంచి బయల్దేరిన మోతా, ఎదురుగోడకి కొట్టుకుని తిరిగొచ్చిన మోతా సరిగ్గా సోఫా దగ్గర ఒకదాన్నొకటి మింగేస్తున్నాయి. మిగతా ఇల్లంతా, కింది ఇంటితో సహా, దద్దరిల్లిపోతోంది.

డాక్టరు నాలుక కరుచుకున్నాడు. వంటింటి గుమ్మంలో భార్య నిలబడి, ఒకసారి పెట్టెనీ ఒకసారి మొగుణ్ణీ చూసింది. ఆవిడకీ వెలిగింది.

"కారణమేమిటంటారు?" అన్నారు ఓనరుగారు.

నిజం చెబితే అగ్రిమెంటు చింపి చేతిలో పెడతారు. డాక్టరు వెన్ను చాటున ఫోన్ని తడుముతూ, నోటికొచ్చింది అనేశాడు. "చెమ్మండీ. కింది ఇళ్ళలో చెమ్మ ఎక్కువ. కొన్ని కట్టుడుపళ్ళకి అది పడదు. పైన గాలి పొడిగా ఉంటుంది కాబట్టే ఇక్కడ నిమ్మళంగా ఉన్నాయి." అంటూనే మోత ఆపేశాడు. "ఒక్కసారి వెళ్ళి చూడండి, ఇప్పుడు సర్దుకుని ఉంటాయి."

ఓనరుగారు వెళ్ళకుండా మళ్ళీ సోఫాలో కూర్చున్నారు. సోఫా చేతుల్ని నిమిరారు. కప్పుకేసి చూశారు. దవడ అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు.

"డాక్టరు చెప్పాక కూడా ఆ చెమ్మలో పడి ఉండటానికి నాకేమైనా పిచ్చా? మేమే పైకి వచ్చేస్తాం. మీరు కిందికి దిగండి. అద్దె ఇదే."

డాక్టరు రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "అబ్బే, అంత అవసరం లేదండీ! మందు రాసిస్తాను. అసలా చెమ్మ అంత ఎక్కువేమీ..."

"ఎక్కువేనండీ" అంది భార్య చల్లగా. "మొన్న కింద మీ ఆవిడతో మాట్లాడుతుంటే నా మోకాళ్ళకే తెలిసింది."

"విన్నారా!" అని ఓనరుగారు పొంగిపోయారు. "అన్నట్టు ఈ సోఫా కూడా ఇక్కడే, ఉన్నచోటే వదిలేయండి. నేను వెల కట్టిస్తాను. పళ్ళు కుదిరింది దీంట్లోనే కదా."

డాక్టరు భార్యకేసి గుడ్లురిమి చూశాడు. ఆవిడ అగ్రిమెంటు మీద కలం పెట్టి అందించింది. నిజం చెబితే ఇల్లే పోతుంది, చెప్పకపోతే హాలు పోతుంది. పాపం, ఏడవలేక నవ్వుతూ సంతకం పెట్టాడు.

మరుసటి ఆదివారానికి సామాన్లన్నీ దిగాయి. కింది హాలు అగ్గిపెట్టెంత. డాక్టరు సబ్‌వూఫర్‌ని పెట్టని మూల లేదు, తను కూర్చోని చోటు లేదు. ఎక్కడ కూర్చున్నా మోత అయితే హోరెత్తుతోంది, లేకపోతే మాయమైపోతోంది. దిగులుగా మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి ముందు టక్కున ఆగిపోయాడు. పాటలోని తబలా మీద ప్రతి వేలూ విడివిడిగా వినిపిస్తోంది! కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇక్కడుంది! ఇక్కడుందోయ్!" అని అరిచాడు.

"ఎక్కడా?" అంటూ భార్య వచ్చి, ఆయన నిలబడిన చోటు చూసింది. పైకి చెవి పెట్టింది. పైన ఓనరుగారు సోఫాలోంచి లేచిన అలికిడి లేదు, పళ్ళ గొడవా లేదు. ఆవిడ పొయ్యి మీద కూర వేసి, గరిటె ఆయన చేతికిచ్చి, వెళ్ళి హాల్లో కాళ్ళు చాపుకుని కూర్చుంది.

హాలు పోయింది, సోఫా పోయింది. బేసు మాత్రం రోజూ కూర ఉడికినంతసేపూ అద్భుతంగా వినిపిస్తోంది.