అట్ట మీద మా నాయన

మా నాయన రాజు కావాలనుకోవడంలో తప్పేమీ లేదు. నా పుస్తకం అట్ట మీద కావాలనుకున్నాడు, అదే తప్పు.

పదో తరగతి పరీక్షలయ్యాక సెలవుల్లో నేనొక నవల రాశాను. నల్లగుట్ట మీద ఒక రాక్షసి ఉంటుంది. గుట్ట కింది ఊరి ఊటబావిని తన మామిడితోటకు మళ్లించుకోవాలని ఒక రాజు దండెత్తి వస్తాడు. రాక్షసి అతన్ని మీసం పట్టి పైకెత్తుతుంది. మా తెలుగు టీచరు సుభద్రమ్మ అది చదివి, వనపర్తి ప్రెస్సులో అచ్చు వేయిస్తానన్నది. అట్టబొమ్మ మాత్రం మనమే గీయించి ఇవ్వాలట. ప్రెస్సాయన కంప్యూటర్లో గులాబీలు, పావురాలు తప్ప రాక్షసులు లేరట.

రాక్షసి బొమ్మ గీయమని కోడేరు పెయింటర్ హన్మంతు మామకు చెప్పి వచ్చాను. ట్రాక్టర్ ట్రాలీల మీద నెమళ్లు, దుకాణాల మీద దేవుళ్లు అన్నీ ఆయనవే. ఆయనకొక పద్ధతి ఉంది. ఎదురుగా మనిషి కూర్చుంటేనే ముఖం గీయగలడు. అందుకే కోడేరులో ఏ దుకాణం మీద చూసినా లక్ష్మీదేవికి ఆయన భార్య జోగులమ్మ ముఖమే. ఆమె ఉప్పు కొనడానికి పోతే దుకాణందారు ముందు దండం పెట్టి, తర్వాత తూకం వేస్తాడు.

మా నాయన తిరుపతయ్య వీధి నాటకాల్లో రాజు వేషం కడతాడు. నా నవల మొదటి పేజీలో రాజు తెల్లగుర్రమెక్కి వస్తాడు. నాయన అంతవరకే చదివాడు.

ఆదివారం పొద్దున మీసానికి నూనె రాసి, సైకిలుకు సంచి తగిలించాడు.

"యాడికి?" అన్నది మా అమ్మ మణెమ్మ.

"ఎరువు తేనీకి."

"సంచిల్నించి కిరీటం కనవడుతున్నది. ఎరువు దుకాణంల పట్టాభిషేకం ఉన్నదా?"

"అది... జర అతుకు ఊడింది. పెట్టిచ్చుకస్త."

"మీసానికి గూడ పెట్టిచ్చుకో. నూనె కారుతున్నది."

సాయంత్రం నాయన ఎరువు లేకుండా, తనలో తాను నవ్వుకుంటూ వచ్చాడు. కిరీటం సంగతి తేల్చుకుందామని మరునాడే అమ్మా నేనూ కోడేరు పోయాం.

అట్ట నిండా మా నాయన. తెల్లగుర్రం, కిరీటం, మీసం. మీసానికే సగం అట్ట పట్టింది. నా రాక్షసి ఎక్కడా లేదు.

బడిలో హాజరు పిలిచినా నేను చెయ్యెత్తేదాన్నే తప్ప నోరెత్తేదాన్ని కాదు. ఆరోజు ఎత్తాను.

"మామా, నా రాక్షసేది?"

"మీ నాయన వద్దన్నడు బిడ్డా. ఆడిపిల్ల పుస్తకం మీద రాక్షసి ఏంది, నలుగురు ఏమనుకుంటరు అన్నడు."

"రాసింది నేను. రాక్షసి లేకుంటే నాకు అట్టే వద్దు. ఉత్త తెల్లకాగితం కుట్టిచ్చుకుంట."

"గట్లంటే ఎట్ల? ఇంత మంచి ముఖం నా చేతిల ఎన్నడు రాలే. నేనైతే చెరప."

"చెరపకు మామా. గుర్రాన్ని తీసెయ్యి. రాజును గాలిల ఉంచి, మీసం రాక్షసి పిడికిట్ల పెట్టు. కథల గట్లనే ఉన్నది."

హన్మంతు మామ బొమ్మను చూశాడు. నన్ను చూశాడు. పొట్ట పట్టుకొని నవ్వాడు. "మరి రాక్షసికి ఎదురుంగ ఎవరు కూసుంటరు?" అంటూ ఇంట్లోకి చూశాడు.

"ఊరంత మొక్కే ముఖం నాది!" లోపల్నుంచే అరిచింది జోగులమ్మ. "దాన్ని రాక్షసిని చేస్తివో, నీకు రొట్టె లేదు!"

అమ్మ కొంగుతో స్టూలు తుడుచుకున్నది. "నేను కూసుంట."

"వదినా, కండ్లల్ల జర కోపం గావాలె..."

"కోపానికేం కరువు? ఎరువు తేనీకి కిరీటం పట్టుకపోయినోని పెండ్లాన్ని. నువ్వు గీయి."

మరుసటి వారం నాయన తన దోస్తులందరినీ వెంటబెట్టుకొని కోడేరు బయలుదేరాడు, తన దర్బారు చూపించడానికి. వెనకాలే మేమూ పోయాం. హన్మంతు మామ బొమ్మ మీది గుడ్డ తీశాడు.

ఆకాశమంత రాక్షసి. అమ్మ కళ్లు. ఆమె పిడికిట్లో మీసం, మీసానికి నాయన. కాళ్లు గాలిలో కొట్టుకుంటున్నాయి, కిరీటం చెవి మీదికి జారింది.

ఒక దోస్తు అన్నాడు: "తిరుపతన్నా, అచ్చం మీ ఇంట్ల తీసిన ఫోటో లెక్కనే ఉన్నది!"

నవ్వులకు హన్మంతు మామ రంగు డబ్బా ఒకటి దొర్లిపోయింది.

"ఏందే ఇది? నా ఇజ్జత్ ఏం గావాలె?" నాయన అమ్మ మీదికి లేచాడు.

"అట్ట మీదికెక్కుత అంటివి. నిన్ను అందరికన్న ఎత్తుల పెట్టిచ్చిన. ఇంకేం గావాలె?"

నాయన నా వైపు తిరిగాడు. "బిడ్డా, నువ్వన్న చెప్పరాదా. మార్పిద్దాం."

అందరూ నన్నే చూస్తున్నారు. అయినా అన్నాను.

"గిదే అట్ట నాయనా. ఇది కాదంటే పుస్తకమే లేదు."

నాయన చాలాసేపు బొమ్మను చూశాడు. చివరికి హన్మంతు మామ చెవి దగ్గరికి వంగి, మెల్లగా అడిగాడు:

"సరే గని, జర మీసమన్న గట్టిగ దిద్దు. తెగి కిందవడేటట్టున్న."

మామ కుంచె ఎత్తి నా వైపు చూశాడు.

"వద్దు మామా," అన్నాను. "చివరి పేజీల తెగుతది."